ఒకే చెట్టు మీద అయిదు రకాల పిట్టలు

అమెరికా ఈశాన్య మూలన మెయిన్ అనే రాష్ట్రం ఉంది. అక్కడి అడవుల్లో స్ప్రూస్ చెట్లు ఎక్కువ. సూదుల్లాంటి ఆకులు, పైకి పోయేకొద్దీ సన్నబడే ఆకారం. వేసవిలో ఆ చెట్ల మీద వార్బ్లర్లనే చిన్న పిట్టలు అయిదు రకాలు తిరుగుతుంటాయి. అయిదూ ఇంచుమించు ఒకే సైజు, ముక్కులూ ఇంచుమించు ఒకటే. తినేది పురుగుల్ని. ఒకే చెట్టు మీద ఒకే తిండి కోసం వెతుక్కుంటున్నప్పుడు, వాటిలో గట్టి రకం ఏదో ఒకటి మిగతా నాలుగింటినీ ఎప్పుడో వెళ్ళగొట్టి ఉండాలి కదా? మరి ఎందుకు వెళ్ళగొట్టలేదు?

ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. 1930లలో గాజ్ అనే రష్యా శాస్త్రవేత్త పారమీసియం అనే ఏకకణ జీవులతో ప్రయోగాలు చేశాడు. రెండు రకాల పారమీసియాలను విడివిడిగా గాజు నాళికల్లో పెంచితే రెండూ చక్కగా పెరిగాయి. రెంటినీ ఒకే నాళికలో వేసి ఒకే తిండి పెడితే మాత్రం ఒక రకమే నిలిచింది, రెండోది కొన్నాళ్ళకు పూర్తిగా అంతరించింది. ఆయన ఇంకో జతను కూడా పరీక్షించాడు. ఈసారి రెండూ బతికాయి. ఎలాగంటే, ఒక రకం నాళిక పైభాగంలో ఉన్న బాక్టీరియాను తింటూ ఉండిపోయింది, రెండోది అడుగున పేరుకున్న ఈస్ట్‌ను తింటూ గడిపింది. అంత చిన్న నాళికలో కూడా పైభాగం ఒకరిది, అడుగు ఒకరిది అయింది.

రాబర్ట్ మెకార్థర్ అనే యువ శాస్త్రవేత్త ఇదే సంగతిని అడవిలో చూడాలనుకున్నాడు. స్ప్రూస్ చెట్టును మనసులోనే భాగాలుగా విడగొట్టుకున్నాడు. ఎత్తును బట్టి కొన్ని వరసలు, ఒక్కో వరసలో మళ్ళీ మాను దగ్గరి బోసి కొమ్మ, నడిమి భాగం, లేత చిగుళ్ళున్న చివర. ఏ పిట్ట ఏ భాగంలో ఎన్ని సెకన్లు గడిపిందో లెక్కపెట్టుకుంటూ గంటల తరబడి తలెత్తి చూస్తూ కూర్చున్నాడు. చిన్న పిట్ట ఒక్క క్షణం కుదురుగా ఉండదు, గుబురులో దూరితే కనబడదు. ఎంత ఓపిక కావాలో ఊహించండి!

ఆయన 1958లో ప్రచురించిన ఫలితాలు చదువుతుంటే ఆ చెట్టు కళ్ళకు కట్టినట్టుంటుంది. కేప్ మే వార్బ్లర్ ఎక్కువగా చెట్టు పైభాగంలో, కొమ్మల చివర్లలో మేస్తుంది. బే-బ్రెస్టెడ్ వార్బ్లర్ చెట్టు నడిమి ఎత్తులో, లోపలి కొమ్మల మీద వెతుక్కుంటుంది. మిర్టిల్ వార్బ్లర్ కింది కొమ్మల్లో ఎక్కువగా తిరుగుతుంది, నేల మీదకీ దిగుతుంది. కదిలే తీరులో కూడా తేడా ఉంది. ఒకటి పైకీ కిందకీ ఎగబాకుతుంది, ఒకటి మాను నుంచి కొమ్మ చివరి వరకూ పోయి వస్తుంది, ఇంకొకటి చెట్టు చుట్టూ కొమ్మ నుంచి కొమ్మకు తిరుగుతుంది. గూళ్ళు కట్టే రోజులు కూడా కాస్త అటూ ఇటూగా ఉంటాయి కాబట్టి, పిల్లలకు తిండి బాగా కావలసిన రోజులు అన్నింటికీ ఒకేసారి రావు. హద్దులు గీసినట్టు కచ్చితంగా ఉండవు, ఒకదాని చోటులోకి ఇంకొకటి వస్తూనే ఉంటుంది. కానీ ఒక్కొక్కదానికీ ఎక్కువ పొద్దు గడిచే చోటు వేరు. మనకు ఒక్క చెట్టుగా కనబడేది ఆ పిట్టలకు అయిదు ఆవాసాలు.

ఆవాసం అంటే ఒక జీవి బతకడానికి కావలసిన తిండి, నీరు, తలదాచుకునే తావు దొరికే చోటు. ఆ చోట ఉన్న జీవులన్నింటినీ, వాటి చుట్టూ ఉన్న మట్టి, నీరు, గాలి, ఎండతో సహా కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని బ్రిటన్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్‌లీ 1935లో చెప్పాడు. దాన్నే ఆవరణ వ్యవస్థ అంటాం. అది అడవంత పెద్దదీ కావచ్చు, చిన్న నీటి మడుగూ కావచ్చు.

పంచుకోవడానికి ఎత్తు ఒక్కటే దారి కాదు. గాలిలో ఎగిరే పురుగుల్ని పగలు వానకోయిలలు పట్టుకుంటాయి, చీకటి పడ్డాక గబ్బిలాలు పట్టుకుంటాయి. ఆఫ్రికాలోని సెరెంగెటి గడ్డి మైదానంలో జీబ్రాలు ఎదిగిన ముతక గడ్డిని మేసి ముందుకు సాగుతాయి. వాటి వెనక వచ్చే విల్డెబీస్ట్‌లకు ఆకు ఎక్కువున్న గడ్డి అందుతుంది. ఆ తర్వాత వచ్చే థామ్సన్ గజెల్ అనే చిన్న జింకలు నేలను అంటుకుని ఉన్న లేత మొలకల్ని ఏరుకుంటాయి. ముందు జీబ్రాలు మేసి వెళ్ళకపోతే ఆ మొలకలు గజెళ్ళకు అందడం కష్టం.

ఇదంతా చదివి జంతువులు ఒకదాన్నొకటి ప్రేమగా సర్దుకుంటాయని అనుకునేరు. చాలాచోట్ల జరిగేది తోపులాటే. స్కాట్లండ్ సముద్రతీరంలో రాళ్ళకు అతుక్కుని బతికే బార్నకిళ్ళనే చిన్న గుల్ల జీవులు రెండు రకాలున్నాయి. ఒకటి రాతి పైభాగంలో, రెండోది కింది భాగంలో ఉంటుంది. పై రకానికి ఆ ఎత్తే ఇష్టమేమో అనిపిస్తుంది. జోసెఫ్ కానెల్ అనే శాస్త్రవేత్త కొన్నిచోట్ల కింది రకాన్ని గీకి తీసేసి చూశాడు. అప్పుడు పై రకం కింద కూడా దర్జాగా బతికింది! అంటే అన్నాళ్ళూ దాన్ని కింద ఉండనివ్వనిది ఆ రెండో రకమే. అది వేగంగా పెరిగి, పక్కవాటి మీదకెక్కి నలిపేస్తుంది, అడుగు నుంచి పెకలించేస్తుంది. అయితే ఆ బలశాలి పైకి రాలేదు. ఆటుపోటుల్లో నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు పై రాళ్ళు ఎండిపోతాయి, ఆ ఎండకు అది తట్టుకోలేదు. మొదటి రకం తట్టుకుంటుంది. అందుకే పైభాగం దానికి దక్కింది.

మరి అన్నింటికన్నా బలమైనది ఎండనీ ఎత్తునీ లెక్కచేయకుండా మొత్తం ఆక్రమిస్తే? ఇక్కడే వేటాడే జంతువు పని పడుతుంది. నాకు అన్నింటికన్నా ఆశ్చర్యం కలిగించే ప్రయోగం ఇది. అమెరికా పడమటి తీరంలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని రాళ్ళ మీద సముద్ర నక్షత్రాలు ఉంటాయి. వాటికి ఇష్టమైన తిండి మస్సెల్ అనే ఆల్చిప్పలు. సముద్ర నక్షత్రం తినే తీరు చూడాలి. చేతుల కింద ఉన్న వందల కొద్దీ మెత్తని గొట్టపు కాళ్ళతో ఆల్చిప్ప రెండు పలకల్నీ పట్టి లాగుతుంది. కాస్త సందు దొరికితే చాలు, తన కడుపునే బయటికి తీసి ఆ సందులోంచి లోపలికి పంపుతుంది. లోపలి మెత్తటి జీవిని అక్కడే అరిగించుకుని, కడుపును మళ్ళీ వెనక్కి తీసుకుంటుంది.

1960లలో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త ఒక రాతి జాగా నుంచి సముద్ర నక్షత్రాలన్నింటినీ పీకి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. పక్కనే ఇంకో జాగాను అలాగే వదిలేశాడు. వేటగాడు పోయాడు కాబట్టి మిగతా జీవులన్నీ సుఖపడాలి కదా? జరిగింది వేరు. మస్సెళ్ళు అడ్డూ అదుపూ లేకుండా పెరిగి రాతినంతా కమ్మేశాయి. చోటు దొరకని జీవులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మొదట 15 జాతులున్న చోట ఎనిమిదే మిగిలాయని ఆయన 1966లో రాశాడు. ముట్టుకోని పక్క జాగాలో అంత మార్పు రాలేదు. మస్సెళ్ళను తినే జీవే మిగతావాటికి చోటు మిగులుస్తోందని అప్పుడు తేలింది. పులి, తోడేలు, సొరచేప లాంటి వేటాడే జంతువుల్ని చెడ్డవని తీర్పు చెప్పేముందు ఈ రాతిని గుర్తుచేసుకోమని పిల్లలందరినీ అడుగుతాను.

కొన్ని జీవులు తినడం వల్ల కాదు, కట్టడం వల్ల ఇతరులకు చోటిస్తాయి. వడ్రంగిపిట్టనే చూడండి. లోపల పుచ్చి మెత్తబడిన చెట్టును ఎంచుకుని, ముక్కుతో పొడిచి పొడిచి తొర్ర తొలుస్తుంది. చాలా రకాలు ఏటా కొత్త తొర్ర చేసుకుంటాయి, పాతది ఖాళీ అవుతుంది. దాని కోసం కాచుకుని ఉండేవి బోలెడు. చిన్న గుడ్లగూబలు, చిలకలు, గోరింకలు, ఉడతలు, ఒక్కోసారి తేనెటీగలు. వీటిలో చాలావాటికి గట్టి మానును తొలిచే శక్తి లేదు.

అందుకే ఎండిన చెట్టు ఎందుకూ పనికిరాదని నరికేస్తే వాటికి గూడు పోతుంది. ఐరోపాలో పాత చెట్లు లేని అడవుల్లో పైడ్ ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్టలు తక్కువగా ఉండేవి. అక్కడ చెట్లకు చెక్క పెట్టెలు, చిన్న గుండ్రటి కంతతో, తగిలించి చూశారు. పిట్టలు వచ్చి వాటిలో గూళ్ళు పెట్టాయి. పురుగులు ముందు నుంచీ ఉన్నాయి, అడవీ ఉంది. లేనిది గుడ్లు పెట్టుకోవడానికి ఒక తొర్ర మాత్రమే.