పేలిపోతున్న ఓడ బొమ్మ

చిరంజీవులకు,
తాతయ్య ఆశీస్సులు.

మొన్న వాట్సాప్‌లో ఒక బొమ్మ పంపి, ‘ఇది సినిమా పోస్టరా తాతయ్యా?’ అని అడిగారు. కాదర్రా. ఎడ్వర్డ్ డంకన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన బొమ్మ అది. 1843లో లండన్‌లో అచ్చయింది. 1841 జనవరి 7న చైనాలో, కాంటన్ రేవుపట్నానికి వెళ్ళే నది మొగలో జరిగిన యుద్ధం అందులో ఉంది.

వేళ్ళతో పెద్దది చేసి చూడండి. చైనావాళ్ళ తెరచాప ఓడ పేలి మంటలు ఆకాశానికి లేస్తున్నాయి. నీళ్ళలో పడ్డవాళ్ళు విరిగిన కొయ్యలు పట్టుకుని వేలాడుతున్నారు. మరి పేల్చిన ఓడ ఏది? కుడివైపు వెనకాల పొగగొట్టంతో చిన్నగా కనిపిస్తోందే, అదే. దాని పేరు నెమెసిస్, ఈస్టిండియా కంపెనీ వారి ఇనప ఆవిరి ఓడ. దాన్నుంచి వదిలిన రాకెట్ తగిలింది. అన్నట్టు, ఇంగ్లీషువాళ్ళు రాకెట్లు చేయడం మొదలుపెట్టింది మైసూరు సైన్యం రాకెట్ల దెబ్బ తిన్నాకే!

గొడవంతా నల్లమందు గురించి. కంపెనీ బీహారు వైపు రైతుల చేత గసగసాల పంట వేయించి, నల్లమందు తీయించి, కలకత్తాలో వేలం వేసేది. వర్తకులు దాన్ని దొంగచాటుగా చైనాలో దింపేవాళ్ళు. 1839లో లిన్ జెషు అనే అధికారి 20,000కు పైగా పెట్టెలు పట్టుకుని, గోతుల్లో ఉప్పునీళ్ళు, సున్నం కలిపి కరిగించేశాడు. దాంతో ఇంగ్లండు యుద్ధానికి దిగింది. ఇంత జరిగినా బొమ్మలో నల్లమందు వాసన కూడా తగలదు. అందులో ఉన్నది వాళ్ళ ఓడ గొప్పతనమే.

ఈ నల్లమందు గొడవలోనే చైనాతో మళ్ళీ 1856–60లో రెండో యుద్ధం జరిగింది. ఆ నాటికి లండన్‌లో బొమ్మల వారపత్రిక వచ్చేసింది. చైనా నుంచి చిత్రకారుడు స్కెచ్ పంపితే, అది ఓడల మీద వారాల తరబడి ప్రయాణం చేసి చేరేది. అక్కడ చెక్క దిమ్మని ముక్కలుగా విడదీసి, తలా ఒక ముక్క చెక్కి, మళ్ళీ బిగించి అచ్చు వేసేవాళ్ళు. చెక్కినవాళ్ళు చైనా మొహం చూసినవాళ్ళు కాదు.

కెమెరా అయితే అబద్ధం ఆడదంటారా? ఆ రెండో యుద్ధంలోనే, 1860 ఆగస్టు 21న ఇంగ్లీషు, ఫ్రెంచి సైన్యాలు చైనాలోని టాకు కోటని పట్టుకున్నాయి. బియాటో అనే ఫోటోగ్రాఫర్ లోపలికి వెళ్ళాడు. అప్పటి కెమెరాకి కదిలేది అందదు, అందుకని పోరాటం తియ్యలేదు, శవాల్ని తీశాడు. తన ఫోటో పూర్తయ్యేదాకా వాటిని కదపొద్దని బతిమాలాడట. పక్కనున్న డాక్టరు ఒకాయన ఆ సంగతి రాసిపెట్టాడు. ఆ ఫోటోల్లో ఉన్నదంతా చైనావాళ్ళ శవాలే. రెండువైపులా మనుషులు చచ్చారు మరి.

మనవాళ్ళూ ఉన్నారర్రా అక్కడ. మొదటి యుద్ధంలో, 1841 మేలో కాంటన్ దగ్గర 37వ మద్రాసు పటాలంలోని ఒక దళం జడివానలో దారి తప్పింది. మద్రాసు పటాలాల్లో తెలుగువాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. తుపాకులు తడిసి పేలలేదు. చుట్టూ ఈటెలు పట్టుకున్న పల్లె జనం. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులతో ఇంకో దళం వచ్చి కాపాడింది. తర్వాత ఆ పటాలానికి గౌరవ చిహ్నంగా ఏమిచ్చారో తెలుసా? డ్రాగన్ బొమ్మ!

ఆదివారం ఫోన్ చేసినప్పుడు, ఆ ఓడ బొమ్మలో నీళ్ళలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టి చెప్పండి. కళ్ళజోడు పెట్టుకున్నా నాకు ప్రతిసారీ వేరే లెక్క వస్తోంది.

ఇట్లు,
మీ తాతయ్య