కాలిక్యులేటర్, పది ఘాతాలు: నేను రోజూ వినే అపోహలు

బెంగళూరు మారతహళ్లిలో ఇంటి దగ్గరే ట్యూషన్ చెబుతాను. ఐజీసీఎస్‌ఈ (అంతర్జాతీయ సిలబస్) బడి పిల్లలు, డిప్లొమా మొదటి ఏడాది వాళ్లు వస్తారు. ఎక్కువమంది మన తెలుగిళ్ల పిల్లలే. సైంటిఫిక్ నొటేషన్, అంటే మరీ పెద్ద, మరీ చిన్న సంఖ్యల్ని 10కి ఘాతం (పవర్) వేసి రాయడం గురించి వాళ్ల దగ్గరా, వాళ్ల అమ్మానాన్నల దగ్గరా వినే మాటలివి.

అపోహ: కాలిక్యులేటర్ చేతికిస్తే ఘాతాలు రావు.

వాస్తవం: నేను పాఠం మొదలుపెట్టేదే దాంతో. లక్షని లక్షతో గుణించమంటాను. పది అంకెల తెరలో పదకొండు అంకెలు పట్టవు కదా, 1×10¹⁰ అని వస్తుంది. "పాడైందా మిస్?" అంటారు. లక్షకి ఐదు సున్నాలు, ఇంకో లక్షకి ఐదు, మొత్తం పది అని వేళ్ల మీద లెక్కపెట్టిస్తాను. అంటే వెయ్యి కోట్లు. ఇక్కడి పిల్లలకి మిలియన్ తెలుసు గానీ కోటికి ఎన్ని సున్నాలో చాలామందికి తెలియదు. ఇంట్లో తాతయ్యని అడిగి రమ్మంటాను.

అపోహ: ఘాతం మీట నొక్కినా, విడిగా ×, 10, ^ కొట్టినా ఒకటే.

వాస్తవం: మార్కులు పోయేది ఇక్కడే. పాత వాటిలో ఆ మీట మీద 'ఈఎక్స్‌పీ' అని, కొత్తవాటిలో ×10 పైన చిన్న ఎక్స్ అని ఉంటుంది. మొన్న ఒకమ్మాయి 500 నానోమీటర్ల కాంతికి ఫోటాన్ (కాంతి కణం) శక్తి కట్టింది. ప్లాంక్ స్థిరాంకం 6.626×10⁻³⁴ ని కాంతి వేగం 3×10⁸ తో గుణించి, తరంగదైర్ఘ్యం 500×10⁻⁹ తో భాగించాలి. విడివిడిగా కొట్టింది, బ్రాకెట్ పెట్టలేదు. కాలిక్యులేటర్ 500తో మాత్రమే భాగించి, 10⁻⁹ తో గుణించింది. 3.9756×10⁻³⁷ వచ్చింది. రావలసింది 3.9756×10⁻¹⁹. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అందుకే ఆ పిల్లకి అనుమానం రాలేదు. ఘాతం మీట వాడితే 500×10⁻⁹ మొత్తం ఒకే సంఖ్యగా లోపలికి వెళ్తుంది.

మీట ముట్టుకునే ముందు పవర్లు కాగితం మీద వేయిస్తాను. 500×10⁻⁹ అంటే 5×10⁻⁷. −34కి 8 కలిపితే −26. భాగిస్తున్నాం కాబట్టి −7 తీసేయాలి, అంటే 7 కలిపితే −19. ముందున్న అంకెల్లో 6.626×3 దాదాపు ఇరవై, దాన్ని ఐదుతో భాగించినట్టే, సుమారు నాలుగు. ఇది రాసుకున్న పిల్ల −37 చూడగానే ఆగుతుంది.

ఇంకో పొరపాటు: 6.02×10²³ కోసం 6.02 × 10 కొట్టి, ఆపైన ఘాతం మీట, 23 నొక్కడం. పది రెండుసార్లు పడి 6.02×10²⁴ అవుతుంది.

అపోహ: 1 ÷ 200 కి 5×10⁻³ చూపిస్తే కాలిక్యులేటర్ చెడిపోయినట్టే.

వాస్తవం: అది నార్మ్ 1 అనే సెట్టింగులో ఉంది, అంతే. జవాబు తెర మీద ఎలా చూపించాలో చెప్పే సెట్టింగది. 0.01 కన్నా చిన్న సంఖ్యని ఘాతంలోనే చూపిస్తుంది. కాసియో ఈఎస్ ప్లస్ రకంలో షిఫ్ట్, మోడ్, 8, 2 నొక్కితే నార్మ్ 2కి మారి 0.005 అని చూపిస్తుంది.