స్టెన్సిల్ కార్డుల మీద రంగు పాకితే తప్పు స్టెన్సిల్‌ది కాదు

నల్లగొండల స్టెన్సిల్‌తోటి, అంటే డిజైన్ కోసిన ప్లాస్టిక్ షీటు పెట్టి రంగు అద్ది, గ్రీటింగ్ కార్డులు చేసే క్లాసు చెప్తున్నప్పటి సంది వారానికి ఒక్కరన్న ఇదే అడుగుతరు: "అక్కా, స్టెన్సిల్ లేపంగనే అంచులన్నీ పాకినయ్, నాది నాసిరకం ఉన్నట్టుంది, ఏది కొనాలె?" ఏదీ కొనకండి. ముందు ఇది చదవండి.

అపోహ: ఖరీదైన స్టెన్సిల్ అయితే రంగు కిందికి పోదు.

వాస్తవం: పోతది. ఎంత పైసలు పెట్టి కొన్నా స్టెన్సిల్‌కీ కాగితానికీ మధ్యల వెంట్రుకంత సందు ఉండనే ఉంటది. రంగు పలచగ ఉంటే ఆ సందు లోపలికి గుంజుకుంటది, దీపం వత్తి నూనె గుంజినట్టు. అందుకే అక్రిలిక్ రంగుల నీళ్లు కలపొద్దు, కడిగిన బ్రష్ పూర్తిగ ఆరేదాక ముట్టొద్దు. స్పాంజి ముక్కకు రంగు కొంచెం తీసుకుని, టిష్యూ మీదనో పాత పేపర్ మీదనో అద్దుకుంట అద్దుకుంట, ఇంక దీనికి రంగే లేదు అనిపించినంక అప్పుడు కార్డు మీదికి రావాలె. మొదటి అద్దుడుకు లేతగ కనపడతది, అక్కడ్నే అందరూ భయపడి ఇంకింత రంగు ముంచుతరు, అక్కడ్నే చెడతది. ఆరనిచ్చి రెండోసారి, మూడోసారి అద్దండి. స్పాంజి నిలువుగ పడాలె, పక్కకు రుద్దితే అంచు కిందికి దూరుతది. గట్టిగ ఒత్తితే మంచిగ పడతదని ఎవరో చెప్పిండ్రట, ఒత్తితే స్పాంజిల ఉన్న రంగంత పిండినట్టయి కిందికే పోతది. ఇంకో కార్డు మీద పెట్టేముందు స్టెన్సిల్ వెనక దిక్కు తుడవండి, ఇది మర్చిపోయేటోళ్లు చానమంది.

పోయినేడు దేవరకొండ దిక్కు నుంచి ఒక చెల్లె వచ్చింది. అక్క పెండ్లికి 60 కార్డులు చేత్తోటి చేస్తనని ఇంట్ల మాటిచ్చిందట. 20 దాక పాడైనయ్, ఆన్‌లైన్ల మూడుసార్లు స్టెన్సిళ్లు తెప్పించింది, చెప్పుకుంట చెప్పుకుంట కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంది. చూస్తే ఆమె మొదటి స్టెన్సిలే మంచిగుంది, గిన్నెల రంగు మాత్రం మజ్జిగ లెక్క ఉంది. పక్కన కూసోబెట్టుకుని ఆ పాతదానితోటే పొడి స్పాంజితోటి వేయించిన. స్టెన్సిల్ లేపినంక ఆ పిల్ల ఏం మాట్లాడలే, కార్డును కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకుంట కూసుంది. ఇట్ల ఆగమయ్యేటోళ్లను చూస్తే పాణం ఉసూరుమంటది, ఫలానాది కొంటెనే వస్తదని వీడియోలల్ల చెప్పేటోళ్ల మీద కోపమొస్తది.

మిగిలినవి జల్ది చెప్త.

కాగితం ఎంత మందముంటే అంత మంచిదా? 250 నుంచి 300 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములుంటదనే లెక్క) చాలు, మందం కంటె నున్నదనం ముఖ్యం. గరుకు హ్యాండ్‌మేడ్ పేపర్ అందంగనే ఉంటది గని గుంతలల్ల రంగు పడదు, సన్న డిజైన్లకు వద్దు. 80 జీఎస్ఎం జిరాక్స్ పేపర్ తడికి ముడుచుకుంటది.

రంగు ఎండిన స్టెన్సిల్ పారేయాలెనా? అక్కర్లే. అక్రిలిక్ పలచటి పొర ఉంటే ఏం గాదు. టెక్స్చర్ పేస్ట్ (డిజైన్ ఉబ్బెత్తుగ రావడానికి పూసే చిక్కటి ముద్ద) వాడితే మాత్రం పని అయిపోంగనే స్టెన్సిల్‌ను నీళ్ల టబ్బుల వెయ్యండి, ఎండితే సన్న సందులు మూసుకపోతయ్, గీకితే స్టెన్సిల్ తెగుతది.

సొంతంగ కోసుకోలేమా? మంచిగ కోసుకోవచ్చు. ఓహెచ్‌పీ షీటు (అవతలిది కనపడే ప్లాస్టిక్ షీటు), లేకుంటె పాత ఎక్స్‌రే ఫిల్మ్, కింద గట్టి అట్ట, చేతిల కొత్త బ్లేడు. చేసే తప్పు ఒక్కటే, లోపలి ముక్కను పట్టి ఉంచే సన్న పట్టీలు వదలరు. బతుకమ్మ కోసినమనుకోండి, వలయం చుట్టూ పూర్తిగ కోస్తే నడుమ ఉన్నదంత ఊడి చేతిలకు వస్తది. మూడు నాలుగు చోట్ల పట్టీ వదలండి, కార్డు మీద ఆ ఖాళీలను తర్వాత సన్న బ్రష్‌తోటి కలుపుకోవచ్చు.

పోచంపల్లి డిజైన్ వేసినా చీర లెక్క కనపడతలేదు అని కూడ అడుగుతరు. పోచంపల్లి చీరది ఇక్కత్ నేత, అండ్ల నేసేముందే నూలుకు ముడులు కట్టి రంగులు వేస్తరు, అందుకే డిజైన్ అంచు కొంచెం చెదిరినట్టుంటది. మన స్టెన్సిల్ అంచేమో బ్లేడుతోటి కోసినట్టు వస్తది. ఆ చెదురు కావాలంటే మొదటిసారి వేసింది ఆరినంక స్టెన్సిల్‌ను అర మిల్లీమీటరు పక్కకు జరిపి, అదే రంగు, దాదాపు ఎండిన స్పాంజితోటి, అంచుల మీద ఒక్కసారి అద్దండి.