రెండు ఫోన్ల మధ్య ఒక ఇనుప నట్టు

నల్లకుంట, హైదరాబాద్

ప్రియమైన పిల్లలకు,

బావిలో రాయి వేసి, చప్పుడు వినిపించేదాకా లెక్కపెడితే ధ్వని వేగం తెలుస్తుందా అని అడిగారు. కాగితం మీద తెలుస్తుంది. స్టాప్‌వాచ్ పట్టుకొని బావి గట్టున నిలబడితే తెలియదు. ఎందుకు తెలియదో ముందు చూద్దాం. ఉపాయం అక్కడే దొరుకుతుంది.

నీళ్లు 20 మీటర్ల లోతున ఉన్నాయనుకోండి. రాయి నీటిని తాకడానికి 2.02 సెకన్లు పడుతుంది. లోతును రెట్టింపు చేసి, మన హైదరాబాద్ గురుత్వ త్వరణం 9.78తో భాగించి, వర్గమూలం తీస్తే మీకూ ఇదే వస్తుంది. ఇక ఆ చప్పుడు పైకి రావడానికి పట్టేది 0.06 సెకను కూడా కాదు. మనం విని బొటనవేలితో నొక్కేసరికే 0.2 సెకను దాకా గడిచిపోతుంది. కొలవాలనుకున్న దానికి మన ఆలస్యం మూడింతలు! పోనీ గడియారం పొల్లు పోకుండా ఉందనుకుందాం. అప్పుడు లోతు అడ్డం తిరుగుతుంది. తాడుతో కొలిచినప్పుడు జానెడు, అంటే ఓ 23 సెంటీమీటర్లు, తక్కువ వచ్చినా చాలు. ముప్ఫై డిగ్రీల వేడిలో సెకనుకు 349 మీటర్లు రావలసిన వేగం లెక్కలో 287కు పడిపోతుంది. డ్రైవరు జేబులో ఉన్న తాళంచెవి బరువెంతో తెలుసుకోవడానికి లారీని వేబ్రిడ్జి ఎక్కించినట్టుంటుంది ఈ పద్ధతి.

పూర్వం వాళ్లు దీన్ని దూరంతో జయించారు. ఇంగ్లండులో అప్‌మిన్‌స్టర్ అనే ఊరి చర్చి మతగురువు విలియం డెర్హమ్. సుమారు 12 మైళ్ల అవతల తుపాకులు పేలుతుంటే, ఆయన చర్చి బురుజు మీద నుంచి దుర్భిణితో మెరుపు చూసి, చప్పుడు వచ్చేదాకా అర సెకనుకోసారి కొట్టుకునే లోలకంతో లెక్కపెట్టారు. 1709లో ఆ ఫలితాలు ప్రకటించారు. ధ్వనికి దాదాపు నిమిషం పట్టే దూరంలో అర సెకను పొరపాటు ఒక శాతం కన్నా ఎక్కువ కాదు. ఆ ఓపిక చూస్తే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

మనకూ గోల్కొండ ఉంది. ఫతే దర్వాజా కింద కొట్టిన చప్పట్లు కిలోమీటరు దూరంలోని బాలాహిస్సార్ దగ్గర వినిపించడానికి దాదాపు మూడు సెకన్లు పట్టాలి. కానీ చప్పట్లు కొట్టిన క్షణం పైవాళ్లకు తెలిసేదెలా? ఫోను చేసి చెబుదామంటే ఫోనులో మాట చేరడానికే కొంత ఆలస్యం ఉంటుంది, అదెంతో మనకు తెలియదు.

అందుకని ఇంట్లోనే చేద్దాం. చాలా అపార్ట్‌మెంట్లలో మెట్ల మధ్య పై అంతస్తు నుంచి నేల దాకా ఖాళీ ఉంటుంది. దారానికి బరువు కట్టి దించి, ఆ దారాన్ని టేపుతో కొలవండి. 15 మీటర్లు వచ్చిందనుకుందాం. కింద స్టీలు పళ్లెం బోర్లించి, దాని పక్కన రికార్డింగు నడుస్తున్న ఫోను ఒకటి పెట్టండి. పైన మెట్ల గట్టు మీద రెండో ఫోను. గట్టు అంచున స్టీలు స్కేలును కొద్దిగా బయటికి ఉంచి, బయటి కొసన బోల్టుకు బిగించే ఇనుప నట్టు పెట్టండి. గరిటెతో స్కేలును పక్కనుంచి ఠంగుమని కొడితే స్కేలు పక్కకు జరిగిపోతుంది, నట్టు రాలుతుంది. స్కేలు కూడా పడిపోకుండా దానికి దారం కట్టడం మరవకండి. నట్టు నేలను చేరేటప్పటికి గంటకు 60 కిలోమీటర్ల వేగం మీద ఉంటుంది. పెద్దవాళ్లొకరు కింద కాపలా ఉంటే తప్ప, ఎవరూ ఆ ఖాళీలోకి తల పెట్టకుండా చూస్తే తప్ప ఈ పని మొదలుపెట్టవద్దు.

పై ఫోను ఠంగుమన్న శబ్దాన్ని వెంటనే వింటుంది, పళ్లెం చప్పుడును ఆలస్యంగా వింటుంది. కింది ఫోను సంగతి తలకిందులు. ఠంగు ఆలస్యంగా చేరుతుంది, పళ్లెం చప్పుడు అప్పటికప్పుడే. కాబట్టి పై ఫోనులో రెండు చప్పుళ్ల మధ్య వ్యవధి నట్టు పడే సమయం కన్నా ధ్వని ప్రయాణమంత ఎక్కువ, కింది ఫోనులో అంతే తక్కువ. ఒకదానిలోంచి ఒకటి తీసేయండి. నట్టు పడే సమయం మొత్తం కొట్టుకుపోతుంది. గాలి నట్టును కాస్త ఆపినా, రెండు ఫోన్ల గడియారాలు కలవకపోయినా చింత లేదు. మిగిలేది ధ్వని ప్రయాణానికి రెట్టింపు, అంతే. పైన 1.794, కింద 1.708 వచ్చాయనుకోండి. తేడా 0.086. రెండు పదిహేనులు ముప్ఫైని దానితో భాగిస్తే 349. ఇక్కడ జానెడు పొరపాటు చేసినా వేగంలో తప్పు ఒకటిన్నర శాతమే.

రికార్డింగును ఆడాసిటీ లాంటి ఉచిత ప్రోగ్రాములో తెరిచి బాగా పెద్దది చేసి చూడండి. సన్నటి గీతలా సాగుతున్న నిశ్శబ్దం ఒక్కసారి పైకి లేచే చోటు కనిపిస్తుంది. మీరు గుర్తు పెట్టవలసింది అక్కడే. అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం దగ్గర పెట్టకండి, అది గోడల నుంచి తిరిగొచ్చిన చప్పుళ్లు కలిసినది కావచ్చు. ఫోను సెకనుకు సాధారణంగా 44,100 సార్లు శబ్దాన్ని నమోదు చేస్తుంది కాబట్టి సెకనులో వెయ్యోవంతు తేలిగ్గా దొరుకుతుంది.

మీలో చురుకైనవాళ్లు ఈపాటికి అడిగే ఉంటారు: “అయితే నట్టు ఎందుకు? పైన ఒకరు, కింద ఒకరు చప్పట్లు కొడితే చాలదా?” చాలు! అది అడిగిన బిడ్డను నేను ముద్దాడతాను. వేగానికి చప్పట్లు చాలు. నట్టు వల్ల మాత్రం అదనంగా ఇంకొకటి దక్కుతుంది. రెండు వ్యవధుల సగటు తీయండి, 1.751. అది నట్టు పడిన సమయం. 30ని దాని వర్గంతో భాగిస్తే 9.78, గురుత్వ త్వరణం. ఒక్క రాల్పుతో రెండు సంగతులు తెలిశాయి. దీనికి మాత్రం కొట్టడం, రాలడం ఒకే క్షణంలో జరగాలి.

మన ఊరు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కదా, గాలి పలచబడి వేగం మారదా అని సందేహించకండి. వేగాన్ని మార్చేది వేడి. మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం 355 దాకా, డిసెంబరులో 15 డిగ్రీల తెల్లవారుజామున 340 దగ్గర రావాలి. అవే మెట్ల దగ్గర రెండు కాలాల్లోనూ చేయండి. థర్మామీటరును మెట్ల నీడలోనే ఉంచి చదవండి. నాకు జవాబులు ఒక్కటే పంపకండి, రెండు ఫోన్ల రికార్డింగులు కూడా పంపండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ