సిరంజి మీద గీతే డోసా? కౌంటర్ వెనకనుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్ళిలో మందుల షాపు నడుపుతున్నాను. ఇక్కడ తెలుగువాళ్లకు కొదవలేదు. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు నా తెలుగు వినగానే సంచీలో మందులన్నీ కౌంటర్ మీద పరిచేస్తారు.

అపోహ: "ఇన్సులిన్ సిరంజిలన్నీ ఒకటే. ఇరవై గీత అంటే ఇరవై యూనిట్లే."

అనంతపురం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఇలాగే అనుకుంది. "అదే మందు నాయనా, అదే ఇరవై. షుగర్ మాత్రం దిగదు. ఈ ఊరి నీళ్లు పడలేదేమో" అంది. సీసా తీయించాను. లేబుల్ మీద ఎం.ఎల్.కి 40 యూనిట్లని ఉంది. సిరంజి చూస్తే నారింజ మూతది! ఊళ్లో వాడింది ఎర్రమూతదట. అవి అయిపోతే కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించింది.

ఎర్రమూత సిరంజి ఎం.ఎల్.కి 40 యూనిట్లున్న మందు కోసం, నారింజ మూతది 100 ఉన్న మందు కోసం. నారింజ దాంట్లో 20 గీత అంటే 0.2 ఎం.ఎల్. దాన్ని 40తో గుణిస్తే 8. రోజూ ఒంట్లోకి వెళ్లింది ఎనిమిది యూనిట్లే. బిల్లు వెనక లెక్క వేసి చూపిస్తే కోడలు నోట మాట రాలేదు.

తిరగేస్తే ఇంకా ప్రమాదం. ఇన్సులిన్ పెన్ను పాడైందని దాని లోపలి మందు గొట్టంలోంచి (కార్ట్రిడ్జ్) ఎర్రమూత సిరంజితో లాగేవాళ్లున్నారు. అందులో మామూలుగా ఎం.ఎల్.కి 100 ఉంటాయి, 300 ఉన్నవీ వస్తున్నాయి. 100 దాన్నే 20 గీత దాకా లాగితే అర ఎం.ఎల్., అంటే 50 యూనిట్లు. షుగర్ మరీ పడిపోయి చెమటలు, వణుకు, ఆపైన స్పృహ తప్పడం. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: "ఎం.ఎల్. అన్నా మిల్లీగ్రాము అన్నా ఒకటే."

సీసీ, ఎం.ఎల్. మాత్రం ఒకటే, అది నిజం. మిల్లీగ్రాము వేరు, అది మందు బరువు. పిల్లకు డాక్టరు 150 మిల్లీగ్రాముల పారాసెటమాల్ రాశారనుకోండి. ఎం.ఎల్.కి 100 ఉన్న డ్రాప్స్ అయితే 1.5 ఎం.ఎల్. చాలు. 5 ఎం.ఎల్.కి 250 ఉన్న సిరప్ అయితే 3 ఎం.ఎల్. ఆ సిరప్ కొలతనే డ్రాప్స్ సీసాలోంచి పోస్తే డోసు రెట్టింపు. రాసిన మిల్లీగ్రాములను ఒక ఎం.ఎల్.లో ఉన్న మిల్లీగ్రాములతో భాగించండి, అంతే.

వంటింటి చెంచాల సంగతి చెప్పనక్కర్లేదు, ఏ రెండూ ఒక్క కొలత ఉండవు. ఇక గీత చూసేటప్పుడు రబ్బరు బిరడాకి రెండు అంచులు కనిపిస్తాయి. సూది వైపు అంచునే చూడాలి.

పెద్దమ్మకి ఎర్రమూత సిరంజిలు వెంటనే ఇవ్వలేదు. షుగర్ దిగడం లేదని డాక్టరు ముందురోజే డోసు 30కి పెంచారట. ఇప్పుడు సరైన సిరంజితో 30 లాగితే నిజంగానే ముప్పై పడుతుంది. ముందు ఆయనకు ఫోన్ చేయించాను. మళ్లీ ఇరవైతోనే మొదలుపెట్టమన్నారు.