బీఎంఐ ఎంతైతే ఎక్కువ? 2002లో తేలకుండా పోయిన లెక్క

బరువు తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన మార్కెట్లోకి వచ్చాక బీఎంఐ గొడవ మళ్లీ మొదలైంది. బరువును (కిలోల్లో) ఎత్తు (మీటర్లలో) వర్గంతో భాగిస్తే వచ్చే అంకే బీఎంఐ. ఆ మందు రాయాలంటే బీఎంఐ 30 ఉండాలి, షుగరో బీపీయో తోడుంటే 27 చాలు. అదే ఏడాది జనవరిలో మన వైద్య నిపుణులు ఇచ్చిన కొత్త నిర్వచనం మాత్రం 23 దాటగానే ఊబకాయం మొదటి దశ అంటోంది.

ఈ గొడవకు ముడి పడింది 2002 జులైలో, సింగపూర్‌లో. ఆసియా వాళ్లకు వేరే హద్దులు పెట్టాలా వద్దా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులను కూర్చోబెట్టింది. తక్కువ బీఎంఐకే మనవాళ్లకు షుగర్, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని వాళ్లు ఒప్పుకున్నారు. కానీ ఆ ముప్పు ఒకచోట 22 దగ్గర, మరోచోట 25 దగ్గర మొదలవుతోందంటూ పాత హద్దులనే, అంటే అధిక బరువుకు 25, ఊబకాయానికి 30, ఉంచేశారు. పక్కన 23, 27.5 కూడా చేర్చి, ఏది వాడాలో ఆయా దేశాలే చూసుకోవాలన్నారు. ఒప్పుకున్న మాటను అమలు దాకా తేకుండా వదిలేశారు. ఇవాళ్టి తికమకంతా అక్కడిదే.

ఆ నివేదిక 2004 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అదే సంచికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో ఉంది. ఒకరు పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండోవారు బ్రిటన్ డాక్టర్ జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

మన డాక్టర్లు 2009లోనే తేల్చి చెప్పారు: 23 నుంచి అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 25 దగ్గరే ఉండిపోయింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవాళ్లు. 23, 25 మధ్య ఉన్నవాళ్లు ఈ లెక్కలోకే రాలేదు.

హద్దు సంగతి అలా ఉంచి, కొలత చూడండి. 157 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు ఉన్న ఆమె బీఎంఐ 25.2. మన డాక్టర్ల 2009 లెక్కలో ఊబకాయం. పీహెచ్‌సీలో రద్దీ రోజున చెప్పులతోనే నిలబెట్టి 160 అని రాస్తే అది 24.2 అయి కూర్చుంటుంది. ఒకసారి రిజిస్టర్‌కెక్కిన ఎత్తును మళ్లీ ఎవరు కొలుస్తారు?

బీఎంఐ ఒక్కటే చూసి ఊబకాయం అని నిర్ధారించొద్దని, నడుము లాంటి కొలత కూడా ఉండాలని 2025 జనవరిలో లాన్సెట్ కమిషన్ చెప్పింది. మన ఆశా వర్కర్లు ఆ పని ముందు నుంచే చేస్తున్నారు. 30 ఏళ్లు దాటినవాళ్ల ఇళ్లకు వెళ్లి నింపే ఫారంలో బీఎంఐ గడి లేదు, నడుము గడి ఉంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపైతే ముప్పు మార్కు సున్నా, 90 లోపైతే ఒక మార్కు, 90 దాటితే రెండు. అందుకు కావాల్సింది ఒక్క టేపు.