వేడి మీద మొరాయించే బోటు ఇంజను

తెల్లవారుజామున కళింగపట్నం ఒడ్డున ఒక్క లాగుకే స్టార్టయిన ఇంజను, నడిసముద్రంలో వల తీయడానికి ఓ పావుగంట ఆపాక ఎన్నిసార్లు తాడు లాగినా పలకదు. చేతులు బొబ్బలెక్కేదాకా లాగి, విసిగి వదిలేస్తే, మరో అరగంటకు ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. ఒడ్డుకు తెచ్చి మెకానిక్కుకు చూపిస్తే అక్కడా లక్షణంగా నడుస్తుంది. శ్రీకాకుళం జిల్లా భావనపాడు నుంచి విజయనగరం జిల్లా చింతపల్లి దాకా ఫైబర్ బోట్ల మీద వేటకు వెళ్లేవారికి ఇది కొత్త సంగతి కాదు. డాక్టరు ముందు కూర్చోగానే తగ్గిపోయే జ్వరం లాంటి ఈ జబ్బును పట్టుకోవాలంటే, జ్వరం ఉన్నప్పుడే నాడి చూడాలి.

ఆపిన ఇంజను ఆ క్షణం నుంచే చల్లబడుతుందని మనం అనుకుంటాం. అయితే మూత కింద ఉండే కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపేది), ఇంధన పంపు, కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటు అందించేది) వంటి భాగాలు మొదటి పావుగంటలో ఇంకా వేడెక్కుతాయి. ఇంజను నడుస్తున్నంత సేపూ ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం సముద్రపు నీటిని లాగి సిలిండర్ల చుట్టూ తిప్పుతుంది. ఉప్పు లోపల పేరుకోకుండా ఈ ఇంజన్లను కారు ఇంజన్లకన్నా చల్లగా నడుపుతారు. బోటు వెనక తగిలించే చాలా అవుట్‌బోర్డ్ ఇంజన్లలో, వేడిని బట్టి నీటికి దారి తెరిచే థర్మోస్టాట్ 50, 60 డిగ్రీల సెల్సియస్ నడుమనే తెరుచుకుంటుంది. ఇక కార్బురేటర్ మట్టికుండ లాగా తనను తానే చల్లబరచుకుంటుంది. లోపల పెట్రోలు ఆవిరవుతూ దాని ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఇంజను ఆపగానే నీటి ప్రవాహమూ, గాలీ, ఆ ఆవిరవడమూ ఒక్కసారే నిలిచిపోతాయి. సిలిండర్ గోడల్లో దాగిన వేడి మాత్రం మూత కింద మెల్లగా పాకుతుంది. వల తీయడానికి పట్టే పావుగంట సరిగ్గా ఆ వేడి తారస్థాయికి చేరే సమయమే కావడం మన జాలరుల దురదృష్టం.

పెట్రోలు నీటిలాగా ఒకే ఉష్ణోగ్రత వద్ద మరిగే ద్రవం కాదు. అందులోని తేలికైన పదార్థాలు సుమారు 35 డిగ్రీలకే మరగడం మొదలుపెడితే, బరువైనవి 200 డిగ్రీల దాకా ఓపిక పడతాయి. పంపు కింద ఉన్న ట్యాంకు నుంచి ఇంధనాన్ని పైకి పీల్చేటప్పుడు పైపులో పీడనం తగ్గి, ఆ తేలికైన భాగం ఇంకా తొందరగా ఆవిరవుతుంది. చుక్క పెట్రోలు ఆవిరైతే సుమారు 200 రెట్లు చోటు ఆక్రమిస్తుంది కనుక, ద్రవాన్ని తోయడానికి చేసిన చిన్న పంపు ఆ బుడగను నొక్కి వదులుతూ ఉంటుందే తప్ప ముందుకు నెట్టలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ ఒంటరిగా అయితే 78 డిగ్రీలకు గానీ మరగదు గానీ, పెట్రోలులో కలిసినప్పుడు మిశ్రమం మరింత సులువుగా ఆవిరయ్యేలా చేస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురైన లోపం కూడా ఇదే వేడి వల్ల వస్తుంది. కార్బురేటర్ గిన్నెలోని పెట్రోలు పొంగి ఇంజను లోపలికి ఒలికితే, గాలి తక్కువై ఇంధనం ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. అప్పుడు పొద్దున్న అలవాటు కొద్దీ, గాలిని తగ్గించి ఇంధనాన్ని పెంచే చోక్ లాగడమంటే అజీర్తి చేసినవాడికి మరో విస్తరి వేయడమే. పెట్రోలు అందకపోయినా, ఎక్కువైనా బయటికి కనిపించే లక్షణం ఒక్కటే కాబట్టి, ఊహ మీద సామాను మార్చేవారు డబ్బు పోగొట్టుకుంటారు.

కళింగపట్నం ఒడ్డున ఒక ముసలి మెకానిక్కు ఈ పరీక్షను ఎలా చేస్తాడో దగ్గరుండి చూశాను. బోటు వస్తూండగానే ఇంజను ఆపించి, మూత తీయనివ్వకుండా పదిహేను నిమిషాలు బీడీ కాలుస్తూ దూరంగా కూర్చున్నాడు. తొందరపడుతున్న యజమానితో, "సల్లారిపోతే రోగం దొరకదు బాబూ, కాసేపు ఆగండి" అన్నాడు. తరువాత బీడీ ఆర్పి, ఇంధన పైపులోని నల్లని రబ్బరు బల్బును, అంటే పెట్రోలును చేత్తో ఇంజనుకు తోసే ఉండను పిసికాడు. అది గట్టిపడక మెత్తగా లోపలికి పోతోంది. అంటే లోపల ద్రవానికి బదులు ఆవిరో, పైపు అతుకుల్లోంచి వచ్చిన గాలో ఉందన్న మాట. ప్లగ్గు విప్పితే పొడిగా ఉంది. తడి తువ్వాలు ఒకటి పంపు మీద, పైపు మీద చుట్టి రెండు నిమిషాలు ఆగి, బల్బు గట్టిపడేదాకా పిసికి తాడు లాగేసరికి ఇంజను పలికింది. ప్లగ్గు తడిగా వచ్చి ఉంటే ఆయన చోక్ ముట్టుకోకుండా, థ్రాటిల్ బాగా తెరిచి, నాలుగైదుసార్లు లాగి ఎక్కువైన ఇంధనాన్ని బయటికి ఊదించేవాడు. వేడిగా ఉన్న సిలిండర్ మీద నేరుగా చల్లటి సముద్రపు నీరు కుమ్మరించకూడదని కూడా చెప్పాడు. ఒక్కసారిగా కుంచించుకుపోయే లోహం పగలవచ్చు.

ఇంజనుకు ఇంధనం సరిగా అందుతున్నా ప్లగ్గులో నిప్పురవ్వ రాకపోతే అనుమానం కాయిల్ మీదికి మళ్లుతుంది. రాగి తీగ నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది కాబట్టి, 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు చేరిన కాయిల్‌లో అది 27 శాతం దాకా ఎక్కువవుతుంది. మంచి కాయిల్‌కు అది భారం కాదు. పూత మీద వెంట్రుకంత చీలిక ఉన్న పాత కాయిల్ మాత్రం వేడికి వ్యాకోచించినప్పుడు లోలోపలే కరెంటు కారిపోయి, చల్లారాక చీలిక మూసుకుని మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు మీటరు పెట్టి "కాయిల్ బాగుంది" అన్న మాటను నేను నమ్మను. నిప్పురవ్వ చూసేటప్పుడు పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనదనీ, బోటు అడుగున నిలిచి ఉంటుందనీ మరచిపోరాదు.

డీజిల్ ఇంజనులో ప్లగ్గూ కాయిలూ లేవు కనుక అక్కడ తంతు వేరు. డీజిల్‌ను ఒత్తిడితో సిలిండర్‌లోకి పంపే ఇంజెక్షన్ పంపు అరిగితే, అందులో వేడికి పలుచబడిన డీజిల్ సందుల్లోంచి కారిపోయి, కావలసిన ఒత్తిడి పుట్టదు. తడిగుడ్డ పంపు మీద వేస్తే స్టార్టయిందంటే పంపు అరిగిందనే గట్టి సూచన.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట విరామంలో బోటు ఒడ్డున ఎండలో ఉన్నప్పుడు కార్బురేటర్‌లో పెట్రోలు వదిలేస్తే అది జిగురై సన్నని రంధ్రాలను మూస్తుంది. వేడి మీద అంతంతమాత్రంగా నడిచే ఇంజనుకు ఆ పొర చాలు. విరామం తరువాత తొలి వేటకు బయల్దేరేటప్పుడు ట్యాంకు గాలి మరను తెరిచి, వెనక చిమ్మే నీటి ధార గట్టిగా ఉందో లేదో చూసి, సముద్రంలో ఇంజను ఆపేముందు రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడిపి వేడిని నీటిలోకి పోనివ్వాలి. అవసరమైతే ఎండ తగలకుండా ట్యాంకు మీద తడి గోనె కప్పాలి. వంశధార మొగ దగ్గర కెరటాలు విరిగే చోట మాత్రం ఏ పని ఉన్నా ఇంజను ఆపకూడదు. అక్కడ పదిహేను నిమిషాలు ఆగే వీలుండదు.